గ్రంథాలయం నుంచి ఖజానాకు: పరిశోధన కొలమానాల ప్రయాణం

(గ్రంథాలయాధికారుల దినోత్సవ సభలో చేసిన ఆచార్య ఎస్. ఆర్. రంగనాథన్ స్మారకోపన్యాస పాఠం)



ఆగస్టు 12 ఆచార్య రంగనాథన్ గారి జయంతి. ఆయన స్మృతిలో మాట్లాడే గౌరవం ఈ ఏడాది గ్రంథాలయ శాస్త్రజ్ఞుడికి కాక, రసాయనశాస్త్రం చెప్పుకుంటూ ఉద్యోగ విరమణ చేసిన నాకు దక్కింది. అందుకు నిర్వాహకులకు కృతజ్ఞతలు. గణితాధ్యాపకుడిగా ఉన్న రంగనాథన్ గారు 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయ బాధ్యతలు చేపట్టారు. అప్పటికి ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టలేదు. కోస్తా, రాయలసీమ జిల్లాల కళాశాలలు మద్రాసు విశ్వవిద్యాలయానికే అనుబంధంగా ఉండేవి. ఆ లెక్కన ఆయన మన పెద్దలకు కూడా గ్రంథాలయాధికారే. గ్రంథాలయాన్ని ఒక శాస్త్రంగా నిలబెట్టిన ఆ మహనీయుడు, ఆ శాస్త్రానికి గణితపు క్రమశిక్షణ నేర్పినవాడు కూడా. అందుచేత ఆయన పేరిట జరిగే ఈ సభలో లెక్కల గురించి మాట్లాడటం అనుచితం కాదనుకుంటాను.

నేను తీసుకున్న విషయం, విశ్వవిద్యాలయాల పరిశోధనను ప్రచురణల సంఖ్యతో, సైటేషన్ల సంఖ్యతో, అంటే ఇతర వ్యాసాలు ఎన్నిసార్లు ఉదహరించాయన్న లెక్కతో, కొలవడం. ఇవాళ ఒక అధ్యాపకుడి పదోన్నతి, ఒక శాఖకు వచ్చే నిధులు, ఒక విశ్వవిద్యాలయపు ర్యాంకు ఈ రెండు సంఖ్యల మీద చాలావరకు ఆధారపడి ఉన్నాయి. ఈ కొలత గ్రంథాలయంలో పుట్టింది. ఏది చదవాలో తేల్చుకోవడానికి పుట్టింది. అర్ధ శతాబ్దం గడిచేసరికి ఖజానాకు చేరి, ఎవరికి ఎంత ఇవ్వాలో తేల్చే సాధనమైంది. దారిలో చదువరి జారిపోయాడు. చదువుకు తోడుగా ఉన్నంతకాలం ఈ లెక్క మేలు చేసిందనీ, చదువుకు బదులుగా నిలబెట్టిన చోటల్లా కీడు చేసిందనీ నా వాదం. దానికి చరిత్రే సాక్ష్యం కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

1927లో అమెరికాలోని పొమోనా కళాశాలకు చెందిన గ్రాస్, గ్రాస్ అనే ఇద్దరు రచయితలు 'సైన్స్' పత్రికలో ఒక చిన్న వ్యాసం ప్రచురించారు. చిన్న కళాశాల, తక్కువ డబ్బు. రసాయనశాస్త్రంలో ఏ పత్రికలు తెప్పించాలి? పెద్దలను అడిగితే తలా ఒక జాబితా ఇస్తారు. అందుకని వారు అమెరికన్ కెమికల్ సొసైటీ పత్రిక 1926 సంపుటాన్ని ముందు పెట్టుకుని, అందులోని వ్యాసకర్తలు ఏయే పత్రికలను ఉదహరించారో ఒక్కొక్కటే లెక్కపెట్టారు. 3,633 ఉదాహరణలు తేలాయి. ఎక్కువసార్లు కనిపించిన పత్రికను ముందు కొనండి అన్నది వారి సలహా. ఆ లెక్కలో పోటీ లేదు, బహుమతి లేదు. ఎవరి జీతమూ దాని మీద ఆధారపడలేదు. బీరువాలో ఏది ఉంటే విద్యార్థికి ఉపయోగమన్న ఒక్క ప్రశ్నకే అది జవాబు.

రంగనాథన్ గారి ఆలోచనా ఇదే తోవలో సాగింది. 1948లో ఇంగ్లండులోని లీమింగ్టన్ స్పాలో జరిగిన ఆస్లిబ్ అనే గ్రంథాలయ సంఘపు సమావేశంలో ఆయన 'లైబ్రమెట్రీ' అనే కొత్త విద్యను ప్రతిపాదించారు. గ్రంథాలయ సేవను గణాంక పద్ధతులతో మెరుగుపరచడం దాని ఉద్దేశం. పాఠకుడి కాలాన్ని ఆదా చేయడం గ్రంథాలయ ధర్మమని 1931లోనే సూత్రీకరించిన వ్యక్తి లెక్కను ఎవరి కోసం కోరారో వేరే చెప్పనక్కరలేదు. ప్రచురణలను లెక్కగట్టే విద్యకు 'బిబ్లియోమెట్రిక్స్' అన్న పేరు 1969లో గాని రాలేదు.

ఇక సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌ను నిర్మించిన యూజీన్ గార్‌ఫీల్డ్. ఈ కథలో ఆయనను ప్రతినాయకుడిగా చూపించడం ఇటీవలి అలవాటు. అది అన్యాయమని నా అభిప్రాయం. అమెరికా న్యాయవాదుల చేతిలో 1873 నుంచి 'షెపర్డ్స్ సైటేషన్స్' అనే సూచిక ఉండేది. ఒక తీర్పును తరువాతి తీర్పులు ఎక్కడెక్కడ ప్రస్తావించాయో అది చూపుతుంది. కొట్టివేసిన తీర్పును పట్టుకుని కోర్టుకు వెళ్తే న్యాయవాది పరువు పోతుంది గనుక ఆ సూచిక వారికి ప్రాణాధారం. ఆ సూచికను ప్రచురించే సంస్థలో పనిచేసిన ఒక పెద్దమనిషి రాసిన ఉత్తరం ద్వారా గార్‌ఫీల్డ్‌కు ఈ సంగతి తెలిసింది. ఇటువంటిది విజ్ఞానశాస్త్రానికి ఎందుకు ఉండకూడదని ఆయన 1955లో 'సైన్స్' పత్రికలో ప్రశ్నించారు. 1963లో ఫిలడెల్ఫియా నుంచి మొదటి సైన్స్ సైటేషన్ ఇండెక్స్ వెలువడింది. 1961లో వచ్చిన 613 పత్రికలను తీసుకుని సుమారు 14 లక్షల ఉదాహరణలను అందులో క్రోడీకరించారు. ఒక వ్యాసం చదివిన పరిశోధకుడు ఆ ఆలోచన తరువాత ఎటు వెళ్లిందో కాలంలో ముందుకు వెతుక్కునే వీలు చరిత్రలో మొదటిసారి కలిగింది. కంప్యూటరు తెర లేని రోజుల్లో, ఆ బరువైన సంపుటాల సన్నని అక్షరాల మీద వేలు పెట్టుకుని వెతికిన తరం మాది. అది ఎంత గొప్ప వరమో మాకు తెలుసు.

అయితే న్యాయశాస్త్రం నుంచి విజ్ఞానశాస్త్రానికి వస్తూ ఒక విలువైన వస్తువు వెనకే ఉండిపోయింది. షెపర్డ్ సూచికలో ప్రతి ఉదాహరణ పక్కన ఒక గుర్తు ఉండేది. తరువాతి న్యాయస్థానం ఆ తీర్పును సమర్థించిందా, వేరని పక్కన పెట్టిందా, కొట్టివేసిందా అన్నది ఆ గుర్తు చెప్పేది. సైన్స్ సూచికలో ఆ గుర్తు లేదు. ఒప్పుకుని ఉదహరించినా, ఖండించడానికి ఉదహరించినా, మర్యాదకు ఉదహరించినా అది ఒకటే లెక్క. వెతుక్కునే పాఠకుడికి దీనివల్ల నష్టం లేదు. దొరికిన వ్యాసాన్ని ఎలాగూ తెరిచి చదువుతాడు. చదవకుండా కూడికలు వేసేవాడికి మాత్రం ఆ ఒక్క లోపం చాలు, తీర్పంతా తలకిందులు కావడానికి.

ఈ లెక్క దేన్ని చూస్తుందో, దేన్ని చూడలేదో ఇద్దరు తెలుగువారి జీవితాల్లో కనిపిస్తుంది.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను రంగు గాఢత ద్వారా కొలిచే పద్ధతిని ప్రచురించారు. జీవరసాయన ప్రయోగశాలల్లో అది నిత్యకృత్యమైంది. మా తరం విద్యార్థులం కూడా 'ఫిస్కే-సుబ్బారావు' అనే పిలిచేవాళ్లం. దశాబ్దాల పాటు వేల వ్యాసాలు దాన్ని ఉదహరించాయి. అంత పేరు తెచ్చిన పద్ధతి ఉండి కూడా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన ఆచార్య పదవి దక్కలేదు. 1940లో లెడర్లీ ఔషధ సంస్థకు వెళ్లారు. అక్కడ ఆయన నాయకత్వంలో ఫోలిక్ ఆమ్లం సంశ్లేషణ జరిగింది, ఆరియోమైసిన్ వెలుగు చూసింది. రక్త క్యాన్సరుతో ఉన్న పిల్లల మీద సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు ప్రయోగించిన అమినోప్టెరిన్ కూడా ఆ ప్రయోగశాలలోనే తయారైంది. ఆ మందు గురించి 1948లో వచ్చిన ఫార్బర్ బృందపు చరిత్రాత్మక వ్యాసపు కర్తల జాబితాలో సుబ్బారావు గారి పేరు లేదు. అంటే సైటేషన్ లెక్కల ప్రకారం ఆయన ప్రధానంగా ఫాస్ఫరస్‌ను కొలిచిన మనిషి. క్యాన్సరు చికిత్సకు దారి వేసిన మనిషిని ఆ లెక్క చూపదు.

రెండవవారు సి. ఆర్. రావు గారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో చేరి, 25 ఏళ్లు నిండే నాటికి రాసిన ఒక వ్యాసం 1945లో కలకత్తా మాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో అచ్చయింది. అది ప్రపంచం కళ్లు పెట్టుకుని చూసే పత్రిక కాదు. ఇవాళ క్రామర్-రావు హద్దు, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం అని పిలిచేవాటికి, సమాచార జ్యామితి అనే రంగానికి ఆ ఒక్క వ్యాసమే మూలం. దాన్ని పురస్కరించుకుని ఆయనకు 102 ఏళ్ల వయసులో, 2023లో, గణాంకశాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి ఇచ్చారు. ఆయన పేరున్న సిద్ధాంతాన్ని వాడే ఇంజనీరు ఆ 1945 వ్యాసాన్ని ఉదహరించాలని అనుకోడు. పాఠ్యపుస్తకంలో ఉన్నదానికి ఆధారం చూపడం ఎందుకనుకుంటాడు. విజ్ఞానంలో బాగా ఇంకిపోయిన భావానికి ఉదాహరణలు తగ్గిపోతాయని సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ చాలాకాలం కిందటే గుర్తించాడు. గొప్పతనం ఒక స్థాయి దాటాక ఈ కాటాకు బరువు తెలియదు.

ఇందుకు విరుద్ధమైన వింతా ఉంది. విజ్ఞాన చరిత్రలో అత్యధికంగా ఉదహరించిన వ్యాసం ఐన్‌స్టీన్‌ది కాదు, వాట్సన్, క్రిక్‌లదీ కాదు. ప్రోటీన్‌ను కొలిచే విధానం మీద లౌరీ బృందం 1951లో రాసిన వ్యాసం. దానికి వచ్చిన ఉదాహరణలు 3 లక్షలకు పైగా. అది ఉపయోగకరమైన పద్ధతి, సందేహం లేదు. అయితే ఉపయోగం వేరు, ప్రాముఖ్యం వేరు, నాణ్యత వేరు. మూడింటినీ ఒకే అంకెలో చూడటం శాస్త్రజ్ఞులు చేయదగ్గ పని కాదు.

పత్రికకు ఇచ్చే అంకెను వ్యాసానికి అంటించడం ఇంకా పెద్ద పొరపాటు. గార్‌ఫీల్డ్ సంస్థ 1970లలో పత్రికల కోసం ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ప్రకటించడం మొదలుపెట్టింది. గడిచిన రెండేళ్లలో ఒక పత్రిక ప్రచురించిన వ్యాసాలకు ఈ ఏడాది వచ్చిన ఉదాహరణలను ఆ వ్యాసాల సంఖ్యతో భాగిస్తే వచ్చే సగటు అది. సగటు ఎంత మోసం చేయగలదో స్ఫటిక శాస్త్రానికి చెందిన 'ఆక్టా క్రిస్టలోగ్రాఫికా' ఏ-విభాగం చూపించింది. దాని ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2కు కాస్త అటూ ఇటూగా ఉండేది. 2008లో జార్జ్ షెల్డ్రిక్ తన షెల్‌ఎక్స్ సాఫ్ట్‌వేర్ చరిత్రను అందులో రాశారు. ఆ సాఫ్ట్‌వేర్ వాడిన ప్రతివారూ ఆ వ్యాసాన్ని ఉదహరించారు. మరుసటి ఏడాది పత్రిక ఫ్యాక్టర్ దాదాపు 50కి ఎగబాకింది. రెండేళ్ల గడువు దాటగానే మళ్లీ 2 దగ్గరకు దిగింది. ఆ రెండేళ్లలో అక్కడ ప్రచురించిన మిగతా రచయితలు అంతకు ముందువారి కంటే పాతిక రెట్లు గొప్పవారై ఉంటారా?

ఇప్పుడు ఖజానా సంగతి. బ్రిటన్‌లో 1986లో ప్రభుత్వ నిధులను పరిశోధన నాణ్యతను బట్టి పంచడానికి దేశవ్యాప్త మదింపు మొదలైంది. నిపుణుల సంఘాలు తీర్పు చెప్పేవి. అది శ్రమ, ఖర్చు. అందుకని 2006లో ప్రభుత్వం దాని స్థానంలో అంకెలను పెడదామని ప్రతిపాదించి, ప్రయోగాత్మకంగా పరీక్షించింది. సైటేషన్లు నిపుణుల తీర్పుకు బదులుగా నిలిచేంత దృఢమైనవి కావని ఆ పరీక్షలో తేలాక వెనక్కి తగ్గింది. 2014లోను, 2021లోను అక్కడ తీర్పు నిపుణుల చేతిలోనే ఉంది. ఆస్ట్రేలియా మరో దారి పట్టి ప్రచురణల సంఖ్యకు నేరుగా డబ్బు ముడిపెట్టింది. లిండా బట్లర్ చేసిన అధ్యయనం 2003లో ఆ ఫలితం చెప్పింది: ప్రచురణలు బాగా పెరిగాయి, ఆ పెరుగుదలలో పెద్ద భాగం తక్కువ ప్రభావం గల పత్రికల్లోకి వెళ్లింది. కొలత లక్ష్యంగా మారితే మంచి కొలతగా మిగలదన్న హెచ్చరిక ఆర్థికవేత్త గుడ్‌హార్ట్ పేర 1975 నుంచీ ఉంది. ఆస్ట్రేలియా దానికి నిదర్శనం సమకూర్చింది.

2003లో షాంఘై జియావోటాంగ్ విశ్వవిద్యాలయం ప్రపంచ ర్యాంకుల జాబితా విడుదల చేసింది. చైనా విశ్వవిద్యాలయాలు ప్రపంచ స్థాయికి ఎంత దూరంలో ఉన్నాయో తెలుసుకోవడం దాని మొదటి ఉద్దేశం. అది త్వరలోనే మంత్రుల బల్లల మీదికి చేరింది. 2005లో భౌతిక శాస్త్రజ్ఞుడు హిర్ష్ ప్రచురణలనూ సైటేషన్లనూ కలిపి ఒకే అంకెగా చూపే హెచ్-ఇండెక్స్ ప్రతిపాదించాక మనిషి జీవితకాలపు కృషి కూడా ఒక పూర్ణాంకమైపోయింది.

మన దేశంలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2010 నాటి నిబంధనలు అధ్యాపకుల నియామకాలకు, పదోన్నతులకు ఏపీఐ మార్కులను ప్రవేశపెట్టాయి. సమీక్ష గల పత్రికలో వ్యాసానికి 15, సమీక్ష లేకున్నా ఐఎస్ఎస్ఎన్ సంఖ్య ఉన్న గుర్తింపు పత్రికలో వ్యాసానికి 10. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 5కు 10కి మధ్య ఉంటే మరో 25. ఐఎస్ఎస్ఎన్ అనేది పత్రికకు ఇచ్చే నమోదు సంఖ్య మాత్రమే. లోపల ఏముందో దానికి సంబంధం లేదు. ఈ సంగతి గ్రంథాలయాధికారులను అడిగి ఉంటే ఒక్క నిమిషంలో చెప్పేవారు. ఎవరూ అడగలేదు. దేశంలో పత్రికలు పుట్టగొడుగుల్లా లేచాయి. పైకం కడితే వారంలో ప్రచురణ. ఇందులో మన హైదరాబాదుకూ వాటా ఉండటం బాధాకరం. ఇక్కడ కేంద్రంగా నడిచిన ఒక ప్రచురణ సంస్థ పరిశోధకులను మోసగించిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసింది. 2019లో అక్కడి న్యాయస్థానం 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని తీర్పునిచ్చింది. 2018లో 'కరెంట్ సైన్స్'లో వచ్చిన ఒక అధ్యయనం, యూజీసీ ఆమోదిత జాబితాలో విశ్వవిద్యాలయాలు సిఫార్సు చేసిన పత్రికల్లో 1,009 పరిశీలిస్తే 88 శాతం కనీస ప్రమాణాలకు తూగలేదని చెప్పింది. సిఫార్సు చేసినవి విశ్వవిద్యాలయాలు. అంటే మనమే. ఆ ఏడాది మే నెలలో 4,305 పత్రికలను జాబితా నుంచి తొలగించారు. తరువాత యూజీసీ తెచ్చిన కేర్ అనే పత్రికల జాబితాను కూడా 2025లో నిలిపివేశారు. పీహెచ్‌డీ సిద్ధాంతగ్రంథం సమర్పించే ముందు వ్యాసం ప్రచురించి తీరాలన్న షరతు 2022లోనే పోయింది.

ప్రచురణల సంఖ్యలో ఇవాళ చైనా, అమెరికాల తరువాత స్థానం మనది. ఆ సంఖ్య వెనక నిజమైన కృషి చాలా ఉంది, దాన్ని చిన్నబుచ్చను. అయితే అదే కాలంలో, 2023 ఒక్క ఏడాదిలో, ప్రపంచంలో ఉపసంహరించిన వ్యాసాలు 10,000 దాటాయి. వాటిలో 8,000కు పైగా హిందావీ అనే ఒకే ప్రచురణకర్త పత్రికల్లోవి. వ్యాసాలు తయారుచేసి అమ్మే మిల్లులు వెలిశాయంటే, చదివే అవసరం లేని కొనుగోలుదారులు ఉన్నారనే అర్థం.

ఈ సూచికల్లోకి అసలు రానివాటి మాట కూడా చెప్పాలి. 1924 నుంచి 1991 దాకా నడిచిన 'భారతి' పుటల్లో తెలుగు సాహిత్య, చరిత్ర, శాసన పరిశోధన ఎంత జరిగిందో ఈ సభలో చాలామందికి తెలుసు. స్కోపస్ అనే సైటేషన్ డేటాబేస్ లెక్కలో దానికి విలువ సున్నా. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన బీపీటీ 5204 వరి, మనం సాంబ మసూరి అనుకునేది, ఎన్ని లక్షల కంచాల్లోకి చేరిందో ఏ సైటేషన్ డేటాబేసూ చెప్పలేదు. తెలుగులో రాసే ఆచార్యుడిని, పొలంలో తిరిగే శాస్త్రజ్ఞుడిని భౌతిక శాస్త్రజ్ఞుడి పక్కన నిలబెట్టి ఒకే అంకెతో పోల్చే పద్ధతి ఆ ఇద్దరికీ అన్యాయం చేస్తుంది. నెమ్మదిగా ఆ పనులు చేసేవారే లేకుండా చేస్తుంది.

ఇంత చెప్పాక అంకెలను తగలబెట్టమని నేను అనను. మన విశ్వవిద్యాలయాల గతం నాకు బాగా గుర్తుంది. అంకెలు రాకముందు ఎంపికలు ఎలా జరిగేవి? చాలాచోట్ల కులం, ప్రాంతం, గురువుగారి పలుకుబడి, ఫలానావారి సిఫార్సు ఉత్తరం. పల్లె నుంచి వచ్చిన, అండలేని యువ పరిశోధకుడికి సైటేషన్ లెక్క ఒక ఆయుధమైంది. 'నా పని ఇది, ప్రపంచం చూసింది' అని అతను చూపించుకోగలిగాడు. ఆ సంఖ్య లేని రోజులు స్వర్ణయుగమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పెద్ద సమూహాల పోకడలు తెలుసుకోవడానికి, ఏ రంగం ఎదుగుతోంది, ఎవరు ఎవరితో కలిసి పనిచేస్తున్నారు అని చూడటానికి ఈ లెక్కలు ఇప్పటికీ ఉత్తమ సాధనాలే. వెయ్యి వ్యాసాల మీద సత్యానికి దగ్గరగా ఉండే సగటు, ఒక్క మనిషి మీదికి వచ్చేసరికి దూరం జరుగుతుంది. ఆ మనిషి ఉద్యోగమే దాని మీద ఆధారపడితే అబద్ధమూ అవుతుంది.

పలుకుబడికి విరుగుడు బహిరంగంగా, కారణాలు రాసి చెప్పే తీర్పు. అంకె ఆ పని చేయలేదు. ప్రపంచం ఈ సత్యాన్ని నెమ్మదిగా గుర్తిస్తోంది. పత్రిక అంకెతో మనిషిని తూచవద్దని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రూపొందిన డోరా ప్రకటన కోరింది. అంకెలు నిపుణుల తీర్పుకు తోడు ఉండాలే గాని దాని స్థానం తీసుకోకూడదని 2015 నాటి లైడెన్ మానిఫెస్టో చెప్పింది. సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌లో చేరిన వ్యాసాలకు నగదు బహుమతులు ఇచ్చే ఆనవాయితీ బలంగా ఉన్న చైనాలోనే, 2020 ఫిబ్రవరిలో, ఆ ఆరాధన మానుకోవాలని ప్రభుత్వ శాఖలు ఆదేశించాయి. మన జాతీయ ర్యాంకుల వ్యవస్థ ఎన్‌ఐఆర్‌ఎఫ్ కూడా ఉపసంహరించిన వ్యాసాలకు మార్కులు కోత పెట్టే దశకు వచ్చింది. ఇది మంచిదే, కానీ అంకెలోని తప్పును మరో అంకెతో దిద్దే ప్రయత్నమే ఇదీ.

చదవడానికి వ్యాసాలు అందుబాటులో లేవన్న సాకు ఒకప్పుడు నిజం. చందాలు కట్టలేని గ్రంథాలయాల్లో పనిచేసినవారికి ఆ బాధ తెలుసు. 2025 నుంచి అమలవుతున్న 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకంతో ఆ సాకుకు బలం తగ్గింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 పత్రికలు ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుతున్నాయి. ఎంపిక సంఘంలో కూర్చునే ఆచార్యుడికి అభ్యర్థి వ్యాసం ఇప్పుడు తన బల్ల మీదే దొరుకుతుంది. తెరిచే ఓపిక ఉండాలి, అంతే.

అందుకే రంగనాథన్ గారి పేరిట జరుగుతున్న ఈ సభలో, ఉపకులపతి గారి సమక్షంలో, ఒక విన్నపం చేసుకుంటున్నాను. ఈ విశ్వవిద్యాలయంలో జరిగే తదుపరి నియామకాల నుంచే ప్రతి అభ్యర్థినీ తన కృషిలో ఉత్తమమైనవని తాను భావించే మూడు వ్యాసాలు ఎంచుకోమనండి, ఏ భాషలో ఉన్నా సరే. వాటిని ఎంపిక సంఘం సభ్యులకు నెల రోజుల ముందే చేర్చే బాధ్యత గ్రంథాలయానికి అప్పగించండి. తాము వాటిని చదివామనీ, వాటి గురించి తమ అభిప్రాయం ఇదనీ సభ్యులు ఒక పుట రాసి సంతకం చేయాలని నియమం పెట్టండి. సైటేషన్ల పట్టిక కావాలంటే ఆ పుట వెనక జతచేయండి. ఇందుకు యూజీసీ అనుమతి అక్కరలేదు, అదనపు ఖర్చు లేదు. నిర్ణయం మీ చేతిలోనే ఉంది.